చింతచెట్టు చుట్టూ సున్నం గీత

ఆ పొద్దు భిక్షం పెట్టుకున్న పనులు రెండే. సిమెంటు సంచుల మీద టార్పాలిన్ పట్టా కప్పాలి. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. మొదటిది అయిపోయింది. రెండోదానికి తువ్వాల పరుచుకుని చింతచెట్టుకు వీపు ఆనించాడో లేదో, గేటులోంచి నిరోష స్కూటీ వచ్చింది. వెనక సీటుకు సున్నం సంచి కట్టి ఉంది. దాన్ని చూడగానే ఇక కూర్చునేది లేదని భిక్షానికి తెలిసిపోయింది.

నల్లగొండ నుంచి పానగల్ పోయే తొవ్వలో ఇండ్లు కడుతున్న వెంచరది. పేరు చింతలవనం. రోడ్డు మీది బోర్డులో యజమాని దివాకర్ లెక్కలేనన్ని చెట్లు గీయించాడు. నేల మీద మాత్రం మూడే ఉండేవి. ఒకటి జేసీబీ వెనక్కి వస్తుంటే పోయింది. ఇంకొకటి జేసీబీ ముందుకు పోతుంటే పోయింది. మిగిలిన ఒక్క చెట్టు పక్కనే వాచ్‌మన్ భిక్షం గుడిసె. దాని కిందే ఆయన పెండ్లాం నర్సింగమ్మ చాయ్ బండి. ఎండాకాలం ఆ నేల మీద నీడ అంటే ఆ చెట్టే. నీడ ఉంటేనే కూలీలు చాయ్‌కి ఆగుతారు. వాళ్ళు ఆగితేనే నర్సింగమ్మకు బేరం. ఆమెకు బేరముంటేనే భిక్షానికి నిమ్మళం. ఆ చెట్టే పడిపోతే ముందు విరిగేది ఆయన నిమ్మళమే.

భిక్షం మాట్లాడడు. రాక కాదు. ఒక మాట అంటే దానికి తోకగా ఇంకో మాట వస్తుందని, ఆ తోక పట్టుకుని ఎదుటివాడు ఇంట్లోకి వచ్చి కూర్చుంటాడని ఆయనకు చిన్నప్పుడే తెలిసింది. అందుకని తలూపుతాడు. పెండ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే తలూపాడు. ఆ ఊపు ఔననా, కాదనా అని నర్సింగమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఆ ఇండ్ల నక్షా గీసిన ఇంజనీరు నిరోష. పోయిన రెండు చెట్ల కోసం దివాకర్‌తో కొట్లాడి, మూడోదాన్ని మాత్రం నక్షాలో నిలబెట్టుకుంది. రోడ్డు చెట్టు దాకా తిన్నగా వచ్చి అక్కడ వంపు తిరుగుతుంది. ఆ వంపు దివాకర్ కంట్లో నలుసు. అందుకే ఆ చెట్టును కాపాడే పని నిరోష తన మీదే వేసుకుంది.

దిగీ దిగగానే టేపు తీసి చెట్టు మాను కొలిచింది. ఇనుప సలాక ఒకటి పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ అక్కడక్కడ నేలలోకి దింపి చూసింది. లారీలు తిరిగి తిరిగి మట్టి ఎంత గట్టిపడిందో చూడాలి గదా. ఫోన్ బయటికి తీసి దిక్కులు చూసింది. పొద్దు వాలితే నీడ ఎటు పోతుందో తెలియాలి గదా. ఆ నీడ కొసల వెంబడి గుండ్రంగా సున్నం పోసుకుంటూ వచ్చింది. జేసీబీ గీరుకున్నచోట బెరడు లేచిపోయి లోపలి చెక్క కనపడుతోంది. నర్సింగమ్మ పేడ, ఎర్రమట్టి కలిపి ముద్ద చేస్తే, పురుగు పట్టకుండా దాంట్లో గుప్పెడు పసుపు వేయించి ఇద్దరూ మానుకు మెత్తారు.

"తాతా, ఈ గీత లోపట ఎవ్వరూ తవ్వొద్దు," అంది నిరోష, చేతులు కడుక్కుంటూ. "ఇసుక పొయ్యొద్దు, ఇటుకలు పేర్వొద్దు, బండి ఎక్కొద్దు. నీడ ఎంత దూరం పోతే వేర్లు అంత దూరం పోతయి. వేర్లు నలిగినయంటే చెట్టు నిలవడి నిలవడే ఎండిపోతది."

భిక్షం తలూపాడు.

"మరి నా బండో బిడ్డా?" అంది నర్సింగమ్మ.

"నీ బండి బరువెంత అవ్వా. ఉండనియ్యి."

నర్సింగమ్మకు అంతకంటే కావలసింది లేదు. ఆమె బండికి దిష్టి కోసం కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు గాలికి ఊగుతున్నాయి. వాటికీ ఈ చెట్టు పనికీ ఏ సంబంధం లేదు. కాని సంబంధం కలపదలచినవాడికి అదెంత పని.

కలిపినవాడు సుతారి మేస్త్రీ పోచయ్య. దూరంగా పునాది గోడ కడుతూ ఇదంతా మొదటినుంచీ చూశాడు. పానగల్‌లో పుట్టినవాడు. పాత గుళ్ళు, పడిపోయిన మండపాలు ఉన్నచోట పెరిగినవాళ్ళకు కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. నేలలోకి సలాక దింపడం, దిక్కులు చూడటం, గీత గీయడం, పసుపు మెత్తడం, నిమ్మకాయ కట్టడం, ఇవన్నీ కలిస్తే అది ఒకే ఒక్క పని. చెట్టును బతికించడానికి ఒకరు ఇంత తిప్పలు పడతారన్న సంగతి మాత్రం అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

తాపీ పక్కన పెట్టి చాయ్‌కి వచ్చాడు.

"ఏందన్నా గా గీత?"

"తవ్వొద్దట," అన్నాడు భిక్షం.

"ఎందుకు తవ్వొద్దు?"

వేర్ల ముచ్చట, నీడ ముచ్చట, బరువు ముచ్చట, అన్నీ చెప్పాలంటే చాలా మాటలు కావాలి. భిక్షం దగ్గర అన్ని లేవు.

"నీకెందుకు," అన్నాడు.

పోచయ్య కండ్లు చిన్నవయ్యాయి. గ్లాసు మెల్లగా బండి మీద పెట్టి, గీత మీద కాలు పడకుండా, పడుకున్న పామును దాటినట్టు దాటి పోయాడు.

పోచయ్య నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం సద్దులు విప్పేసరికి చెట్టు కింద ఒక బిందె ఉంది. సాయంత్రం కూలీలు ట్రాక్టరు ఎక్కేసరికి రెండు, ఒకదానికొకటి గొలుసుతో లంకె వేసినవి. ఆ ట్రాక్టరు పానగల్ చేరి అందరినీ దించేసరికి ఎన్ని బిందెలో ఎవరికీ లెక్క తెలియలేదు గాని, వాటి మీద పడగ విప్పిన నాగుపాము మాత్రం ఒక్కటే అని అందరూ ఒప్పుకున్నారు.

తెల్లారి నర్సింగమ్మ బండి దగ్గర నిలబడటానికి జాగా లేదు. ఎన్నడూ చాయ్ ముట్టనివాళ్ళు గూడా వచ్చి చాయ్ అడిగారు. గ్లాసు చేతిలో పట్టుకుని చెట్టు మొదలు వైపు చూస్తూ, ఊదుకుంటూ, చల్లారిపోయిన చాయ్‌ని ఇంకా ఊదుతూనే ఉన్నారు.

"అవ్వా, తాత రాత్రిపూట పంటుండా?" అని అడిగాడు ఒకడు, ఏమీ ఎరగనట్టు.

"యాడ పంటడు బిడ్డా. గడెకోపారి లేస్తడు. చెట్టు దిక్కు పోతడు. మల్ల వస్తడు."

భిక్షం లేచేది షుగరు జబ్బుకు. ఆ సంగతి నర్సింగమ్మ చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. పాలబ్బాయికి మాత్రం రేపటి నుంచి రెండింతలు పోయమని చెప్పింది.

ఆ మధ్యాహ్నమే సోమమ్మ దిగింది. ఆ భూమి ఒకప్పుడు ఆమెదే. దివాకర్‌కు అమ్మి, ఆ పైకంతో నల్లగొండలో ఇల్లు కట్టుకుని సుఖంగా ఉంది. ఒక చాప, ఒక చెంబు, ఒక విసనకర్ర తెచ్చుకుంది. సరిగ్గా సున్నం గీత లోపల చాప పరిచి కూర్చుంది.

"సోమక్కా, ఆడ కూసోవద్దట," అన్నాడు భిక్షం.

"ఎందుకు కూసోవద్దు? మా తాత తిరిగిన జాగ."

"అమ్మినవ్ గద."

"భూమి అమ్మిన. భూమి కిందియి అమ్మిన్నా? కాయిదంల సూపెట్టుమను నీ సేటును. చెట్టని రాసిర్రు, బాయి అని రాసిర్రు. బిందెలని యాడన్న రాసిర్రా?"

భిక్షం ఆలోచించాడు. కాగితంలో బిందెలని ఉండదన్నది నిజమే. తలూపాడు. సోమమ్మ ఆ ఊపును పక్కనున్నవాళ్ళందరికీ చూపించింది. "సూసిండ్రా, వాచ్‌మన్ ఒప్పుకుంటుండు."

మర్నాడు పొద్దున్నే భిక్షం చెట్టు దిక్కు పోయి నిలబడిపోయాడు. గీత లోపల పడమటి పక్క మోకాలి లోతు గుంత. పక్కన గడ్డపార గుర్తులు. చెయ్యంత లావు వేరొకటి తెగి, కోసిన చోట తెల్లగా, తడిగా ఉంది. ఎవడు తవ్వాడో గాని దొరికినదేమీ లేక, తినేసిన మిర్చి బజ్జీల కాగితం అందులో వేసి పోయాడు. ఆ మిర్చీలు నర్సింగమ్మ బండివే.

ఆ కాగితం చూసి నర్సింగమ్మ మొహం వాడిపోయింది. నిన్నటి బేరానికి ఇదా ఖరీదు అనుకుంది. నిరోష వచ్చి గుంత చూసి కూలబడింది. తెగిన వేరును చేత్తో తడిమింది. తర్వాత లేచి, చాయ్ గ్లాసులు పట్టుకున్న జనం దిక్కు తిరిగింది.

"వినండి. కింద ఏం లేవు. బిందెలు లేవు, బంగారం లేదు. వేర్లున్నయి. ఇట్లాంటి వేరు ఇంకొక్కటి తెగిందనుకోండి, పెద్దగాలికి చెట్టు మొదలుకంట పడిపోతది. నేను గీత గీసింది గందుకే."

జనం బుద్ధిగా విన్నారు. తలలూపారు. నిరోష ఇటు తిరగగానే పోచయ్య పక్కవాడితో అన్నాడు, "సూసినవా, ఎంత మంచిగ దాస్తుందో."

"వేర్లకు కాపలా వెడ్తరానే? మా ఊర్ల మనుషులకే కాపలా లేదు," అన్నాడు పక్కవాడు.

"గంత సదువుకున్నామె చింతచెట్టు కోసం కండ్లల్ల నీళ్ళు వెట్టుకుంటదా? కథ ఉన్నది దీంట్ల."

నిజం చెప్పడం వల్ల జరిగిన మేలు ఇంతే. అంతకుముందు అనుమానమున్న ఒకరిద్దరికి గూడా ఆ రోజుతో నమ్మకం కుదిరింది.

సంగతి దివాకర్ దాకా పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డపని చేయడానికి ఆయనకు గూడా ఒక మంచి కారణం కావాలి, అంతే. కారు దిగి, గుంత చూసి, సోమమ్మ చాప చూసి, భిక్షాన్ని కారు వెనక్కి తీసుకపోయాడు.

"భిక్షం, నీకు జీతమిచ్చేది ఎవలు?"

"మీరే సారు."

"మరి నిజం చెప్పు. కింద ఏమున్నది?"

"వేర్లు సారు."

దివాకర్ నవ్వాడు. "నాతోటి గూడనా?"

"వేర్లే సారు."

దివాకర్ కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏమీ కనపడలేదు. అది ఎప్పుడూ అంతే. కాని దివాకర్ ఆ మొహాన్ని ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"గట్టి మనిషివే," అని భుజం తట్టాడు. "నువ్వు గింత నమ్మకస్తునివని నాకు తెల్వకపాయె. ఎవలు అడిగినా గట్లనే చెప్పు. వేర్లున్నయనే చెప్పు."

భిక్షం తలూపాడు.

ఆ సాయంత్రమే ఇనుప రేకులు దిగాయి. చెట్టు చుట్టూ నిలువెత్తు దడి లేచింది. నిరోష మొదట సంతోషపడింది. ఎన్నాళ్ళనుంచో అడుగుతుంటే ఇవ్వని దడి, అడగకుండానే వచ్చింది. కాని దడి లోపల ఎవరూ ఉండొద్దని దివాకర్ మాట. చాయ్ బండిని తోసుకపోయి గేటు దగ్గర ఎండలో పెట్టారు. సోమమ్మ మాత్రం లేవలేదు. ఆమెను లేపబోయిన ఇద్దరు విసనకర్ర దెబ్బలు తిని వెనక్కి వచ్చారు. కాబట్టి ఆమెను గూడా లోపల కలుపుకునే రేకులు కట్టారు.

ఎండలో పెట్టిన బండి దగ్గర ఒక్కడూ ఆగలేదు. నర్సింగమ్మ కొంగు నెత్తిన వేసుకుని మొగుడి ముందు నిలబడింది.

"పాలు ఇరిగిపాయె. మిర్చీలు ఎండలనే మల్లొకపారి కాలబట్టె. నీ నోట్ల నాలుక ఉన్నదా, ఎవలకన్న కిరాయికిచ్చినవా?"

భిక్షం నేల చూశాడు.

"మొదటి దినమే పోచయ్యకు 'వేర్లు పాడైతయి' అని ఒక్క ముక్క చెప్తే ఇంత దూరమొచ్చునా? నీకెందుకు అన్నవట. నీకెందుకు అంటే మనిషికి ఇంకింత కావాలనిపియ్యదా?"

ఇది నిజమే అనిపించింది భిక్షానికి. అయినా ఇప్పుడు చెప్పి చూశాడు గదా, వేర్లని రెండుసార్లు చెప్పాడు. చెప్తే రేకులొచ్చాయి.

మర్నాడు నకిరేకల్ దిక్కునుంచి ఐలేశం వచ్చాడు. బోర్లకు నీళ్ళు చూస్తాడని పేరున్నవాడు. అరచేతిలో కొబ్బరికాయ పండబెట్టుకుని చెలక నేల మీద నడుస్తాడు. కింద నీళ్ళుంటే కాయ లేచి నిలబడుతుంది. బంగారానికి ఎప్పుడూ చూడలేదట గాని, భూమి ఒక్కటే గదా అన్నాడు దివాకర్. ఐలేశం చెట్టు చుట్టూ నడిచాడు. రేకుల సందుల్లో కండ్లే కండ్లు. మాను దగ్గరికి వచ్చేసరికి కాయ కొద్దిగా కదిలింది.

"లేచిందా?" అన్నాడు దివాకర్.

"నీళ్ళకైతే నిటారుగ లేస్తది సారు. గిది జర వంకర లేచింది."

"వంకరంటే ఏంది?"

"వంకరంటే నీళ్ళు గావు."

"మరి బంగారమేనా?"

"నీళ్ళు గావంటున్న గద సారు. మిగిలింది మీరే అనుకోవాలె."

దివాకర్ అనుకున్నాడు. బిందెలు చెట్టు మొదట్లోనే ఉన్నాయి, అంటే చెట్టు పోవాలి. నిరోషను పిలిచి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, ఈ చెట్టును షిఫ్ట్ చేద్దాం. ఈ మధ్యన పెద్ద పెద్ద చెట్లను గూడ ఎత్తుకపోయి వేరే తాన నాటుతున్నరు గద. బతుకుతయట."

"ఎక్కడ నాటుదాం సార్?"

"ముందుగాలైతే ఎత్తుదాం."

నిరోషకు అర్థమైంది. ఆమె వాదించింది, నక్షా చూపింది, సర్కారు అనుమతి ఇచ్చిందే ఈ వంపు చూసి అని గుర్తు చేసింది. దివాకర్ అన్నింటికీ ఔనన్నాడు. ఔనన్నవాడితో ఎంతసేపని కొట్లాడతారు. శుక్రవారం పొద్దున ముహూర్తం అని పోచయ్య ద్వారా అందరికీ తెలిసింది.

శుక్రవారం జేసీబీ వచ్చింది. దాని తొండానికి పసుపు కుంకుమ, నిమ్మకాయల దండ. ఐలేశం కొబ్బరికాయతో, దివాకర్ కొత్త చొక్కాతో నిలబడ్డారు. పునాదుల మీద ఒక్క కూలీ లేడు, అందరూ ఇక్కడే. చెట్టేమో ఏమీ తెలియనట్టు, కొత్త చిగురు వేసుకుని నిలబడి ఉంది. అడ్డంగా సోమమ్మ ఒక్కతే.

"లేవు అత్తమ్మా, నీకు గూడ ఎంతో కొంత ఇస్తగని," అన్నాడు దివాకర్.

"ఎంతో కొంత ఏంది కొడుకా? సగం. పామును నువ్వే ఉంచుకో."

వాళ్ళ బేరం సాగుతుండగా నిరోష గేటు దగ్గరికి పరుగెత్తి, చెట్ల సంగతి చూసే ఒక ఆఫీసుకు ఫోన్ చేసింది. పక్కనే బండి దగ్గర భిక్షం, నర్సింగమ్మ నిలబడి వింటున్నారు.

"సార్, పెద్ద చింతచెట్టు సార్. పీకుతున్నరు. ఇప్పుడే. ఔను సార్, చెట్టే... దరఖాస్తా? రాసి తెచ్చేలోపల పడిపోతది సార్... సారు సెలవుల ఉన్నరా... సరే సార్."

ఫోన్ దించి నిలబడిపోయింది. అవతల జేసీబీ ఇంజను లేచింది. నర్సింగమ్మ గొంతు ఈసారి పెద్దగా లేవలేదు.

"ఏమయ్యా," అంది. "చెట్టు పోతాంది."

భిక్షం ఆమె దిక్కు చూశాడు. చెట్టు దిక్కు చూశాడు. చెట్టు అంటే ఎవరూ రారని ఇప్పుడే చెవులారా విన్నాడు. జేబులోంచి తన చిన్న ఫోన్ తీసి, కండ్లకు దూరంగా పట్టుకుని, వంద నంబరు నొక్కాడు.

"సారు, పానగల్ తొవ్వల చింతలవనం వెంచరు. చింతచెట్టు కింద లంకెబిందెలున్నయని జేసీబీ పెట్టి తవ్వుతున్నరు. ఓనరే తవ్వుతుండు. జనం మస్తుగ జమైండ్రు. జల్ది రాండ్రి."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నర్సింగమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"నన్ను చేసుకున్నకాన్నుంచి నాతోటి గింత పొడుగు మాట మాట్లాడలేదు గదయ్యా," అంది.

సోమమ్మ సగం మీద గట్టిగా నిలబడటం మంచిదైంది. దివాకర్ మూడోవంతు దాకా వచ్చి ఆగాడు, అక్కడ మాట తెగలేదు. అంతలోనే జీపు వచ్చింది. దాని వెనక ఇంకో జీపు. దాని వెనక రెవెన్యూ వాళ్ళ బండి. దొంగతనం జరిగితే తెల్లారి వచ్చే మనుషులు, బిందెలు అనేసరికి బెల్టులు దారిలో పెట్టుకుంటూ వచ్చారు. ఎస్సై నాగేందర్ రేకులు పక్కకు జరిపించి లోపలికి వచ్చాడు. జేసీబీ చూశాడు, నిమ్మకాయల దండ చూశాడు, ఐలేశం చేతిలో కొబ్బరికాయ చూశాడు.

"ఏం నడుస్తుంది ఈడ?"

"ఏం లేదు సార్. చెట్టు తీపిస్తున్న, అంతే," అన్నాడు దివాకర్.

"చెట్టుకు కొబ్బరికాయ ఎందుకు?"

"అది బోరు కోసం సార్."

"బోరు చెట్టు మొదట్ల ఏస్తరా? మరి గీ రేకులెందుకు?"

"చెట్టుకు రక్షణ సార్."

"రక్షణ ఇచ్చినంక పీకుతున్నరా?"

దివాకర్‌కు చెమటలు పట్టాయి. కుడితిలో పడ్డ ఎలుకలాగా అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చివరికి నిజం ఆయన నోట్లోంచి తన్నుకుని బయటికి వచ్చింది.

"సార్, ఒట్టు. కింద ఏం లేదు సార్. వేర్లే ఉన్నయి."

ఎస్సై నవ్వాడు. "నాతోటి గూడనా?"

"నిజం సార్. మా వాచ్‌మన్‌ను అడగండి. చెప్పు భిక్షం. మొన్న నాకు నువ్వే చెప్పినవ్ గద, వేర్లే ఉన్నయని."

అందరూ భిక్షం దిక్కు తిరిగారు. ఎస్సై దగ్గరికి వచ్చాడు.

"చెప్పినవా?"

"చెప్పిన సారు," అన్నాడు భిక్షం. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిదనుకున్నాడు. "ఎవలు అడిగినా గట్లనే చెప్పుమన్నడు."

దివాకర్ కొత్త చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నాకు ఎరుకే సారు, ఉన్నయి," అని చాప మీదనుంచే సాక్ష్యం చెప్పింది సోమమ్మ. "మా తాత చెప్పిండు."

"ఎప్పుడు చెప్పిండు?"

"మొన్న కలలకొచ్చి."

పోచయ్యను అడిగితే ఉన్నాయన్నాడు. కూలీలను అడిగితే ఉన్నాయన్నారు. ఐలేశాన్ని అడిగితే, నీళ్ళు గావన్నది మాత్రం గ్యారంటీ అన్నాడు. లేవన్నది దివాకర్ ఒక్కడే. ఆయన మాట నమ్మడానికి అక్కడ ఒక్క మనిషీ లేడు.

రెవెన్యూ నుంచి వచ్చిన రామచంద్రయ్య కండ్లద్దాలు సవరించుకుని, భూమిలో దొరికేది సర్కారుదని అందరికీ వినపడేటట్టు చెప్పాడు. "సంబంధిత శాఖోళ్ళు వచ్చి చూసేదాక ఈ గీత లోపట ఎవ్వరూ పిడికెడు మట్టి తియ్యొద్దు. బండి పోవద్దు. బరువు పెట్టొద్దు. కొమ్మ గూడ ఇరగొద్దు. చెట్టుకేమన్న అయిందనుకో, ఆనవాలు మార్చిండ్రని ఓనరు మీద కేసు."

నిరోష ఆయన మొహంలోకి కండ్లు పెద్దవి చేసి చూసింది. తను వారం నుంచి మొత్తుకుంటున్న మాటలే. ఆమె గొంతులో ఎవరికీ వినపడనివి ఈయన గొంతులో అందరికీ వినపడుతున్నాయి. కాసేపు ఆలోచించి ముందుకు వచ్చింది.

"సార్, ఈ గీత చిన్నగ లేదా? బిందెలు కింది నుంచి పక్కకు జరుగుతయంటరు గద."

"జరుగుతయి," అన్నాడు రామచంద్రయ్య గంభీరంగా. "మా దిక్కు ఒకటి బాయి దాక జరిగింది."

"అయితే ఇంకింత అవతలికి గియ్యమంటరా?"

"గియ్యమ్మా, గియ్యి."

నిరోష సున్నం సంచి ఎత్తుకుంది. ఈసారి గీత నీడ కొసలు దాటి, వేర్లు పోగలిగినంత దూరం పోయింది. ఆ గీతను తప్పించుకుని పోవలసి వచ్చేసరికి రోడ్డు వంపు ఇంకా పెద్దదైంది. దివాకర్ నోరెత్తకుండా చూపిన చోటల్లా సంతకం పెట్టాడు.

చెట్టు కింద కుర్చీ వేసి ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారు. కానిస్టేబుల్ అన్నాక చాయ్ తాగాలి. చాయ్ కోసం గేటు దాకా పోతే కాపలా తప్పినట్టు. అందుకని సర్కారు హుకుం మీదనే నర్సింగమ్మ బండి మళ్ళీ నీడలోకి వచ్చింది. తెగిన వేరు మీద నిరోష మట్టి కప్పి, వారం వారం వచ్చి నీళ్ళు పోసింది. తొలకరి పడ్డాక పెద్దగాలి ఒకటి వచ్చి సిమెంటు సంచుల మీది పట్టాను ఎక్కడికో ఎత్తుకపోయింది గాని, చెట్టు మాత్రం కదలలేదు. సోమమ్మ కొన్నాళ్ళు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చాప చుట్టుకుని, పాము ముందు నుంచే తనకు నచ్చలేదని చెప్పి పోయింది.

దివాకర్ నష్టపోయాడని అనుకుంటే పొరపాటు. ఇండ్లు అమ్మకానికి పెట్టగానే చెట్టుకు ఎదురుగా ఉన్నవి ముందు అమ్ముడుపోయాయి. ధర ఎక్కువన్నా ఎవరూ వెనక్కి తగ్గలేదు. కొన్నవాళ్ళందరూ తమకు చెట్లంటే ప్రాణమన్నారు. పెరటిలో మట్టి మెత్తగానే ఉంటుందా అని మాత్రం ఒకరికి తెలియకుండా ఒకరు భిక్షాన్ని అడిగారు. ఆయన అందరికీ తలూపాడు.

సంబంధిత శాఖవాళ్ళు సోమవారం వస్తామన్నారు గాని, ఏ సోమవారమో చెప్పలేదు.